మిగులు సైనిక పిస్తోళ్ళు

మిగులు సైనిక పిస్తోళ్ళు అనగా ఒక దేశపు సైన్యం గాని, పోలీసు బలగం గాని కొంతకాలం వాడి, కొత్త నమూనా వచ్చిన తరువాత అవసరం లేదని తొలగించిన చేతి తుపాకులు. కొన్ని దేశాలలో వీటిని లైసెన్సు గల వ్యాపారులు టోకున కొని పౌరులకు అమ్ముతారు. తయారీ ఖర్చును ప్రభుత్వం ఎన్నడో భరించి ఉండుట వలన వీటి ధర కొత్త పిస్తోలు ధర కంటె తక్కువగా ఉంటుంది. అందువలన తక్కువ ఖర్చుతో గురిచూసి కాల్చడం అభ్యసించదలచిన వారు, చరిత్రపై ఆసక్తి గల సేకర్తలు వీటిని కోరుకుంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఈ వ్యాపారానికి ప్రధాన విపణి.

భారతదేశంలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ సైన్యం వాడే తూటాలను కాల్చగల పిస్తోళ్ళు సామాన్య పౌరునికి నిషిద్ధం. విదేశాల నుండి దిగుమతి కూడా దాదాపుగా లేదు. కనుక అమెరికాలో చవక సరుకుగా పేరుపడిన వస్తువే ఇక్కడ లక్షల రూపాయల వస్తువు, లేదా జైలుశిక్షకు దారితీసే వస్తువు అవుతున్నది. ఈ తేడాకు కారణం పిస్తోలులో లేదు, చట్టంలో ఉన్నది.

మిగులు ఏర్పడే విధానం

సైన్యం ఒక పిస్తోలును ఎంపిక చేసుకున్నపుడు వేలు, లక్షల సంఖ్యలో తయారు చేయిస్తుంది. పిస్తోలు సైనికునికి ప్రధాన ఆయుధం కాదు. అధికారులు, వాహన చోదకులు, వైమానికులు మొదలగువారు దీనిని ఒరలో ఉంచుకొని తిరుగుతారు. కాల్చే సందర్భాలు తక్కువ. అందుచేత చాలా పిస్తోళ్ళకు పైపూత అరిగిపోయి ఉన్నా, లోపలి గొట్టం మాత్రం బాగుంటుంది. చౌకగా దొరికే మిగులు పిస్తోలుకు ఉన్న ఆకర్షణ ఇదే.

మిగులు పెద్దఎత్తున ఏర్పడడానికి మూడు ముఖ్య కారణాలున్నవి. మొదటిది యుద్ధం ముగియడం. రెండవది ప్రామాణిక తూటా మారడం. మూడవది రాజ్యాలు, కూటములు మారడం. 1990లో జర్మనీ ఏకీకరణ, 1991లో వార్సా ఒడంబడిక కూటమి రద్దు తరువాత తూర్పు ఐరోపా ఆయుధాగారాలలోని పిస్తోళ్ళు పెద్ద సంఖ్యలో విపణికి వచ్చినవి.

మిగులు ఆయుధాలను అమ్మడమే ఏకైక మార్గం కాదు. చిన్న ఆయుధాల అక్రమ వ్యాపారాన్ని అరికట్టడానికి 2001లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక, మిగులు నిల్వలను బాధ్యతాయుతంగా పరిష్కరించాలని, వీలైనంతవరకు ధ్వంసం చేయాలని సూచిస్తుంది. బ్రిటనులో 1996లో డన్‌బ్లేన్ పాఠశాలలో జరిగిన కాల్పుల తరువాత 1997లో చేసిన చట్టాల వలన పౌరుల వద్ద చాలా రకాల పిస్తోళ్ళు ఉండడమే నిషేధించబడినది.

అమెరికా విపణి

అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం సైనిక మిగులు ఆయుధాల దిగుమతిని నిలిపివేసింది. 1984లో చేసిన సవరణ వలన పురావస్తువుల వంటివిగా గుర్తింపు పొందిన పాత తుపాకులకు తిరిగి అనుమతి లభించింది. మామూలుగా 50 సంవత్సరాలు నిండి, మూల రూపంలో ఉన్న తుపాకీని ఈ తరగతిలో చేరుస్తారు. ఇటువంటి వాటిని సేకరించేవారికి ప్రత్యేక సమాఖ్య లైసెన్సు కలదు. దీని రుసుము మూడేళ్ళకు 30 డాలర్లు. ఈ లైసెన్సు సేకరణ కొరకు మాత్రమే, వ్యాపారం చేయడానికి కాదు.

అమెరికా సైన్యపు సొంత మిగులు పిస్తోళ్ళను పౌరులకు అమ్మిన ఒక సందర్భం ఇటీవలిది. 1911 నుండి వాడుకలో ఉన్న కోల్ట్ ఎం1911 స్థానంలో 1985లో బెరెట్టా ఎం9 వచ్చింది. గిడ్డంగులలో మిగిలిన ఎం1911 పిస్తోళ్ళను పౌర గురికాల్పు కార్యక్రమం అనే సంస్థ 2018 నుండి లాటరీ పద్ధతిలో అమ్మడం ప్రారంభించింది. మొదటి విడతలో స్థితిని బట్టి ధరలు 850 నుండి 1,050 డాలర్ల వరకు ఉన్నవి. చారిత్రక విలువ పెరిగిన కొలది మిగులు వస్తువు చవక వస్తువుగా మిగలదనుటకు ఇది ఉదాహరణ.

ప్రసిద్ధ నమూనాలు

టోకరెవ్ టిటి-33: సోవియట్ యూనియనులో రూపొందినది. తూటా 7.62×25 మి.మీ., మ్యాగజైనులో 8 తూటాలు. మూల రూపంలో చేతితో వేసే సేఫ్టీ మీట లేదు. అమెరికా దిగుమతి నిబంధనల కొరకు తరువాత దానిని అమర్చారు. పోలండు, రుమేనియా, చైనాలు కూడా తయారు చేసినవి. యుగోస్లావియా ఎం57 నమూనాలో 9 తూటాలు పడతాయి.

మకరోవ్ పి.ఎం.: 1951లో సోవియట్ సైన్యం స్వీకరించింది. తూటా 9×18 మి.మీ., 8 తూటాలు. నిర్మాణం సరళం, విడిభాగాలు తక్కువ. తూర్పు జర్మనీ, బల్గేరియాలలో తయారైనవి కూడా విపణిలోకి వచ్చినవి.

సి.జెడ్.-52, సి.జెడ్.-82: చెకోస్లొవేకియాకు చెందినవి. మొదటిది 7.62×25 మి.మీ., రెండవది 9×18 మి.మీ. తూటాలను కాల్చుతుంది. సి.జెడ్.-52లో ఫైరింగ్ పిన్ను పెళుసైనదని, సుత్తిని దించే మీటను నమ్మరాదని అనుభవజ్ఞులు హెచ్చరిస్తారు.

పి-64: పోలండు పిస్తోలు. చిన్నది, 6 తూటాలు. మొదటి తూటాకు ట్రిగ్గరు చాలా గట్టిగా లాగవలసి ఉంటుంది.

వాల్తర్ పి38, పి1: జర్మనీకి చెందినవి. పి1 రెండవ ప్రపంచయుద్ధం తరువాత పశ్చిమ జర్మనీలో అల్యూమినియం చట్రంతో తయారైనది. 9×19 మి.మీ. తూటా నేటికీ ప్రపంచమంతటా తయారగుచున్నందున అభ్యాసానికి అనుకూలం.

నాగాన్ 1895: రష్యాకు చెందిన 7 గుళ్ళ రివాల్వరు. కాల్చేటపుడు సిలిండరు ముందుకు జరిగి గొట్టానికి ఆనుకొని వాయువు బయటకు పోకుండా చేయడం దీని విశేషం. 2000ల దశకంలో అమెరికాలో 100 డాలర్ల లోపు దొరికేది.

బ్రౌనింగ్ హై పవర్: 1935లో బెల్జియంలో వెలువడినది. 9×19 మి.మీ., 13 తూటాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కెనడాలోని ఇంగ్లిస్ కర్మాగారంలో కూడా తయారైనది. భారత సైన్యపు "పిస్తోలు ఆటో 9 మి.మీ. 1ఏ" దీని రూపమే. అది పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారైనది.

వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్లు: బ్రిటిష్ సైన్యంతో పాటు భారతదేశంలోనూ వాడబడినవి. 1915లో వచ్చిన వెబ్లీ ఆరవ మార్కు .455 బోరుది. 1932లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ రెండవ నంబరు .38 బోరుది.

చౌకదనపు లెక్క

పిస్తోలు ధర మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. అభ్యాసం చేసేవారు కొన్ని నెలలలోనే పిస్తోలు ధర కంటె ఎక్కువ సొమ్ము తూటాలకు ఖర్చు చేస్తారు. 2000ల దశకంలో 7.62×25 మి.మీ. మిగులు తూటాలు మూతవేసిన రేకు డబ్బాలలో చాలా చవకగా దొరికేవి. ఆ నిల్వలు తరిగిపోయిన తరువాత టోకరెవ్, సి.జెడ్.-52 వాడేవారు కొత్త తూటాలను అధిక ధరకు కొనవలసి వచ్చింది. కనుక కొనేవారు ముందుగా తూటా లభ్యతను, ఆ తరువాతనే పిస్తోలు ధరను చూడడం మేలు.

పాత సైనిక తూటాలలో మరొక చిక్కు కలదు. వాటి ప్రైమరులో పొటాషియం క్లోరేటు ఉండేది. అది మండిన తరువాత గొట్టంలో పొటాషియం క్లోరైడు అనే లవణం మిగులుతుంది. ఈ లవణం గాలిలోని తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. నూనెలో లవణం కరగదు కనుక నూనె పూసినంత మాత్రాన ప్రయోజనం లేదు. కాల్చిన రోజునే వేడి నీటితో కడిగి, బాగా ఆరబెట్టి, పిదప నూనె పూయవలెను.

కొనేముందు పరీక్షించవలసినవి

మొదట పిస్తోలు ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకోవలెను. మ్యాగజైనును తీసివేసి, స్లయిడును వెనుకకు లాగి, గొట్టపు గదిని కంటితో చూడవలెను. మ్యాగజైను తీసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ కాదు. గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చును.

తరువాత గొట్టాన్ని వెలుతురుకెదురుగా పెట్టి, లోపలి మెలికల గాళ్ళు స్పష్టంగా ఉన్నవో లేదో చూస్తారు. గుంటలు పడిన గొట్టం గురిని దెబ్బతీస్తుంది. ఉబ్బెత్తు గాని, పగులు గాని ఉన్న గొట్టాన్ని కాల్చరాదు. చట్రం, స్లయిడుల మీద క్రమసంఖ్యలు ఒకటే అయితే విడిభాగాలు మారలేదని కొంత నమ్మకం. సంఖ్య చెరిపివేసిన పిస్తోలును ఏ దేశంలోనూ తాకకపోవడం మంచిది. దశాబ్దాలు నిల్వ ఉన్నవాటికి చిక్కటి రక్షక గ్రీజు పట్టి ఉంటుంది. దానిని ఫైరింగ్ పిన్ను దారితో సహా పూర్తిగా తీయకపోతే పిన్ను ఇరుక్కొని, ట్రిగ్గరు నొక్కకనే తూటా పేలే ప్రమాదం కలదు. పాత స్ప్రింగులను మార్చడం స్వల్ప ఖర్చుతో అయ్యే పని.

మార్పులు చేసిన పిస్తోళ్ళ విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. అమెరికాకు చేరిన అనేక వెబ్లీ రివాల్వర్ల సిలిండర్లను వెనుకవైపు అరగదీసి, సులభంగా దొరికే .45 ఎ.సి.పి. తూటా పట్టేటట్లు మార్చారు. పూర్తి శక్తి గల ఆ తూటా ఒత్తిడి వెబ్లీ తట్టుకోగల హద్దును మించినది. తూటా అందులో పట్టినంత మాత్రాన అది ఆ తుపాకీకి తగినదని అర్థం కాదు. బాధ్యత గల కొనుగోలుదారు మొదటిసారి కాల్చే ముందు తుపాకీ మరమ్మతు నిపుణునికి చూపించుకుంటాడు.

భారతదేశంలో

భారతదేశంలో తుపాకులను ఆయుధాల చట్టం, 1959 నియంత్రిస్తుంది. ఇది 1878 నాటి చట్టం స్థానంలో వచ్చి 1962 అక్టోబరు 1 నుండి అమలైనది. దీని క్రింద మొదట 1962లో, తరువాత 2016లో నియమావళి వెలువడినది. ఈ నియమావళి షెడ్యూలు మిగులు సైనిక పిస్తోళ్ళకు దాదాపుగా తలుపు మూసివేసింది. .380, .455 అంచుగల తూటాలను గాని, సైనిక 9 మి.మీ., .45 అంచులేని తూటాలను గాని కాల్చగల పిస్తోళ్ళు, రివాల్వర్లు నిషిద్ధ ఆయుధాల తరగతిలో చేర్చబడినవి. పైన చెప్పిన వెబ్లీ, ఎన్‌ఫీల్డ్, హై పవర్, ఎం1911, పి1 నమూనాలు ఈ వాక్యం పరిధిలోకే వస్తాయి. ఈ నియమం వెనుక తర్కం స్పష్టం. సైన్యపు నిల్వల నుండి దొంగిలించిన తూటాలు పౌరుని పిస్తోలులో పట్టకూడదు, పౌరుని పిస్తోలు తిరుగుబాటుదారు చేతికి చిక్కినా సైన్యపు తూటాతో పనిచేయకూడదు.

ఈ కారణంగా పౌరులకు .32 బోరు పిస్తోలు, రివాల్వరులే ప్రధానంగా మిగిలినవి. 1980ల మధ్యకాలం నుండి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు ఆగిపోయినది. పేరుపొందిన క్రీడాకారులకు మినహాయింపు కలదు. అంతకు ముందు వచ్చిన వాల్తర్, వెబ్లీ, బెరెట్టా తయారీ .32 బోరు తుపాకులే చేతులు మారుతూ వచ్చినవి. సరఫరా పెరగదు, గిరాకీ తగ్గదు కనుక వాటి ధర లక్షలకు చేరినది. స్వదేశీ తయారీలో ఆర్డ్నెన్సు కర్మాగారాల .32 రివాల్వరు, అశని పిస్తోలు ముఖ్యమైనవి. 2014లో కాన్పూరులో విడుదలైనపుడు "నిర్భీక్" రివాల్వరు ధర సుమారు 1,22,000 రూపాయలు ఉండేది. 2021 అక్టోబరు 1న ఆర్డ్నెన్సు ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయినది. చిన్న ఆయుధాల తయారీ వాటిలో కాన్పూరు కేంద్రంగా గల సంస్థకు సంక్రమించినది.

భారతదేశంలో సైనిక మిగులుకు దగ్గరగా ఉన్న ఒకే పద్ధతి "ఎన్.ఎస్.పి." ఆయుధాలు, అనగా సైన్యపు ప్రామాణిక నమూనాకు చెందని ఆయుధాలు. వీటిని సైనికాధికారులకు సొంత వినియోగం కొరకు తక్కువ ధరకు కేటాయించేవారు. ఇలా పొందిన ఆయుధాలను కొందరు నిబంధనలకు విరుద్ధంగా పౌరులకు అమ్మారన్న ఆరోపణలు రాజస్థానులో వెలుగుచూసి, వ్యవహారం సుప్రీం కోర్టు వరకు వెళ్ళింది. అధికారులపై సైన్యం చర్యలు తీసుకున్నది. తక్కువ ధరకు ఇచ్చే చోట, ఎక్కువ ధర పలికే బయటి విపణి ఉన్నపుడు ఏమి జరుగునో ఈ ఉదంతం తెలుపుతుంది.

తెలంగాణలో లైసెన్సు: తాడ్వాయి ఉదాహరణ

తాడ్వాయి కామారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. (ములుగు జిల్లాలో ఇదే పేరుతో మరొక మండలం కలదు.) 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది నిజామాబాదు జిల్లాలో భాగం. శాసనసభకు ఎల్లారెడ్డి నియోజకవర్గం క్రిందికి వస్తుంది. ఇక్కడి నివాసి చేతి తుపాకీ కోరినచో చట్టం ఏ మార్గం చూపుతున్నదో ఈ విభాగం వివరిస్తుంది.

దరఖాస్తుదారుకు 21 సంవత్సరాలు నిండి ఉండవలెను. లైసెన్సు ఇచ్చే అధికారి జిల్లా మేజిస్ట్రేటు, అనగా కామారెడ్డి కలెక్టరు. హైదరాబాదు వంటి పోలీసు కమీషనరేట్లలో ఈ అధికారం కమీషనరుకు ఉంటుంది. స్థానిక పోలీసు విచారణ నివేదిక, సురక్షిత వినియోగంలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రపరచే ఏర్పాటు అవసరం. లైసెన్సుదారుల వివరాలు జాతీయ సమాచార నిధిలో చేర్చి విశిష్ట సంఖ్య ఇస్తారు. 2019 సవరణ తరువాత లైసెన్సు కాలపరిమితి 5 సంవత్సరాలు. ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల గరిష్ఠ సంఖ్య అదే సవరణతో మూడు నుండి రెండుకు తగ్గినది.

చట్టం అన్ని తుపాకులను ఒకే దృష్టితో చూడదు. 13వ సెక్షను ప్రకారం రక్షణకు గాని క్రీడకు గాని కోరే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టపు తుపాకీ విషయంలోను, పంట రక్షణకు నిజంగా అవసరమైన, మూతి వైపు నుండి మందు కూరే నాటు తుపాకీ విషయంలోను లైసెన్సు మంజూరు చేయడమే సాధారణ నియమం. పిస్తోలు విషయంలో మాత్రం దరఖాస్తుదారునికి తగిన కారణం ఉన్నదని అధికారి సంతృప్తి చెందవలెను. అడవి పందుల నుండి మొక్కజొన్న చేనును కాపాడుకొనగోరే రైతుకు పిస్తోలు చట్టరీత్యా గాని, పనిరీత్యా గాని తగినది కాదు.

లైసెన్సు గలవారు ఎన్నికల సమయంలో అధికారుల ఉత్తర్వు మేరకు ఆయుధాన్ని పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని జమచేసి రసీదు పొందవలెను. లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉన్నచో 2019 సవరణ ప్రకారం శిక్ష 2 నుండి 5 సంవత్సరాలు. అది నిషిద్ధ ఆయుధమైనచో 7 నుండి 14 సంవత్సరాలు. పెళ్ళిళ్ళు, ఊరేగింపులలో నిర్లక్ష్యంగా గాలిలోకి కాల్చడం కూడా ఇదే సవరణతో నేరమైనది. దీనికి 2 సంవత్సరాల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

వారసత్వంగా వచ్చిన పిస్తోలు

పాత పిస్తోలు ఒక కుటుంబం చేతికి వచ్చే సాధారణ మార్గం కొనుగోలు కాదు, వారసత్వం. లైసెన్సుదారు మరణించినపుడు లైసెన్సు ఆయనతోనే ముగుస్తుంది. ఆయుధం మాత్రం బీరువాలో ఉంటుంది. దానిని తాతగారి జ్ఞాపకమని అలాగే ఉంచుకోవడం చట్టవిరుద్ధం. 21వ సెక్షను ప్రకారం అనవసరమైన ఆలస్యం లేకుండా దానిని సమీప పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని జమచేయవలెను. రసీదు తీసుకొని భద్రపరచుకోవడం ముఖ్యం.

జమచేసినంత మాత్రాన కుటుంబం హక్కు కోల్పోదు. చట్టబద్ధ వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చును, లేదా లైసెన్సు గల వ్యక్తికి గాని డీలరుకు గాని అమ్మవచ్చును. గడువులోగా ఏదీ చేయకపోతే ఆయుధం ప్రభుత్వపరమయ్యే అవకాశం కలదు. 2016 నియమావళి ప్రకారం లైసెన్సుదారు తనకు 70 సంవత్సరాలు నిండిన తరువాత గాని, ఆయుధాన్ని 25 సంవత్సరాలు కలిగి ఉన్న తరువాత గాని, జీవించి ఉండగానే వారసునికి బదిలీ కోరవచ్చును. రెండు తుపాకుల పరిమితి వారసత్వానికి కూడా వర్తిస్తుంది. ఆయుధం నిషిద్ధ బోరుదైతే నిర్ణయం కేంద్ర హోం మంత్రిత్వ శాఖ చేతిలో ఉంటుంది.

అమెరికాలోని తెలుగువారు

మిగులు పిస్తోళ్ళు చవకగా కనిపించే దేశంలో తెలుగువారు పెద్దసంఖ్యలో నివసిస్తున్నారు. దుకాణంలో అమ్మకానికి ఉన్నంత మాత్రాన ప్రతివారికీ కొనే అర్హత లేదు. సమాఖ్య చట్టం ప్రకారం ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసా వంటి తాత్కాలిక వీసాపై ప్రవేశించినవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండరాదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు కలదు. శాశ్వత నివాస అనుమతి (గ్రీన్ కార్డు) గలవారు ఈ నిషేధంలోకి రారు. దుకాణంలో పిస్తోలు కొనడానికి 21 సంవత్సరాలు నిండి ఉండవలెను. కొనేటపుడు పూరించే 4473 నంబరు పత్రంలో వీసా స్థితి గురించిన ప్రశ్న ఉంటుంది. దానికి తప్పు సమాధానం ఇవ్వడం నేరం. వీసాపై ఉన్నవారికి ఇటువంటి నేరారోపణ దేశ బహిష్కరణకు కూడా దారితీయవచ్చును. అర్హత లేని స్నేహితుని కొరకు తన పేర కొని ఇవ్వడం కూడా నేరమే. రాష్ట్రాల చట్టాలు వీటికి అదనం.

అమెరికాలో చట్టబద్ధంగా కొన్నది భారతదేశంలో చట్టబద్ధం కాదు. స్వదేశానికి వచ్చేటపుడు సామానులో మిగిలిపోయిన ఒక్క తూటా కూడా విమానాశ్రయంలో కేసుకు దారితీయవచ్చును. గురికాల్పు శిబిరానికి తీసుకువెళ్ళిన సంచిని ప్రయాణానికి వాడకపోవడం ఉత్తమం.

భద్రత

తుపాకీ వాడకంలో నాలుగు నియమాలు ప్రపంచమంతటా బోధిస్తారు.

1. ప్రతి తుపాకీ నిండి ఉన్నదనే భావించవలెను.
2. కాల్చదలచని దాని వైపు గొట్టపు మూతిని త్రిప్పరాదు.
3. గురి కుదిరి, కాల్చ నిశ్చయించే వరకు వ్రేలు ట్రిగ్గరు మీదికి పోరాదు.
4. లక్ష్యమేమిటో, దాని వెనుక ఏమున్నదో తెలిసి ఉండవలెను.

మిగులు పిస్తోళ్ళ విషయంలో ఈ నియమాలు మరింత ముఖ్యం. నేటి పిస్తోళ్ళలో క్రింద పడినపుడు పేలకుండా ఉండే అదనపు రక్షణలు ఉంటాయి. టోకరెవ్ కాలపు వాటిలో ఇవి లేవు. గదిలో తూటా ఉంచి మోయడానికి అవి తగినవి కావు. 2024లో అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించారు. శుభ్రపరచే ముందు గదిని కంటితో చూడడానికి పట్టే సమయం కొన్ని సెకనులు మాత్రమే. ఇంట్లో తుపాకీని, తూటాలను వేరువేరు చోట్ల తాళం వేసి, పిల్లలకు అందకుండా ఉంచవలెను.

క్రీడగా ప్రత్యామ్నాయం

తక్కువ ఖర్చుతో గురికాల్పు నేర్వదలచిన తెలుగు యువతకు మిగులు పిస్తోలు మార్గం కాదు, గాలి పిస్తోలు మార్గం. 4.5 మి.మీ. (.177) బోరుతో, మూతి వద్ద శక్తి 20 జౌళ్ళకు మించని గాలి తుపాకీకి ఆయుధ లైసెన్సు అవసరం లేదు. దీని గుళ్ళు చాలా చవక. ఒలింపిక్సులో 10 మీటర్ల పోటీ దీనితోనే జరుగుతుంది. 25 మీటర్ల మహిళల పిస్తోలు పోటీలో .22 బోరు వాడతారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి రైఫిలులో కాంస్య పతకం పొందాడు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలు పోటీలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు సాధించి, 2024 పారిస్ ఒలింపిక్సులో పాల్గొన్నది. గుర్తింపు పొందిన రైఫిల్ సంఘాలలో సభ్యులైన క్రీడాకారులకు ఆయుధాలు, తూటాల విషయంలో చట్టం ప్రత్యేక సౌకర్యాలు కల్పిస్తుంది.

ఇవి కూడా చూడండి

ఆయుధాల చట్టం, 1959
రివాల్వరు
తూటా
తాడ్వాయి మండలం (కామారెడ్డి జిల్లా)
గగన్ నారంగ్
ఈషా సింగ్